సిమ్ లిమ్ టవర్, సింగపూర్: ఒక మెకానిక్ రివ్యూ

కంప్యూటర్లు, కెమెరాలు అమ్మే సిమ్ లిమ్ స్క్వేర్ వేరు, ఎలక్ట్రానిక్ విడిభాగాలు అమ్మే సిమ్ లిమ్ టవర్ వేరు. ఈ ఒక్క ముక్క తెలియక నాకు ఒక రోజు దండగైంది కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. రోచోర్ కాలవకి ఇటొకటి, అటొకటి ఉంటాయి రెండూ. సింగపూర్‌లోనే ఉంటున్న మా అమ్మాయికి తెలిసింది స్క్వేర్ ఒక్కటే, కాబట్టి మొదటిరోజు అక్కడికే తీసుకెళ్లింది. ఆరు అంతస్తుల నిండా ల్యాప్‌టాప్‌లు, కెమెరాలు, ఫోన్ కవర్లు. 2014లో ఒక వియత్నాం టూరిస్టు ఐఫోన్ కొన్న తర్వాత షాపువాడు వారంటీ పేరు చెప్పి ఇంకా డబ్బు గుంజబోతే, పాపం మోకాళ్ల మీద కూర్చుని ఏడ్చిన వీడియో అప్పట్లో ఊరూరా తిరిగింది కదా, ఆ బిల్డింగ్ ఇదే. ఆ యజమాని తర్వాత జైలుకెళ్లాడు. ఇప్పుడు అలాంటివేమీ కనిపించలేదు గానీ, నాకు కావలసిన సరుకు మాత్రం అక్కడ లేదు.

నాకు కావలసింది ఒక జత ట్రాన్సిస్టర్లు.

కాకినాడలో నాకు ఆంప్లిఫయర్లు బాగుచేసే షాపు ఉంది. 34 ఏళ్లుగా అదే పని. పెళ్లిళ్లకీ, జాతరలకీ సౌండ్ సిస్టమ్ కట్టేవాళ్లే నా ఖాతాదారులు. అందులో ఒకతని ఆంప్లిఫయర్ పోయిన శ్రీరామనవమి పందిట్లో పోయింది. స్పీకర్లకి కరెంటు తోసే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు మార్చాను. పది రోజుల్లో మళ్లీ పోయింది. మళ్లీ మార్చాను. మూడోసారి పట్టుకొచ్చినప్పుడు అతను ఏమీ అనలేదు, సెట్టు బల్ల మీద పెట్టి, "చూడండి గురువుగారూ" అని వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే నయం అనిపించింది.

అవి తోషిబావాళ్ల 2ఎస్‌సీ5200, దాని జోడీ 2ఎస్‌ఏ1943. ఈ లైన్లో ఉన్నవాళ్లకి వీటి గురించి చెప్పక్కర్లేదు. 230 వోల్టులు, 15 ఆంపియర్లు, 150 వాట్లు అని కాగితం మీద ఉంటుంది. మార్కెట్లో దొరికేవాటిలో నకిలీ ఏదో, అసలు ఏదో దేవుడికే తెలియాలి. మూడోసారి కాలిపోయినదాన్ని పట్టకారుతో పట్టుకుని హాక్సా బ్లేడుతో పై పెంకు కోసి చూశాను. లోపల రాగి పలక మీద అతికించిన చిప్పు సజ్జగింజంత ఉంది. ఎప్పుడో పాత జపాన్ సెట్టులోంచి తీసి దాచుకున్న అసలుదాన్ని కూడా కోశాను. అందులో చిప్పు చిటికెనవేలి గోరంత ఉంది. సజ్జగింజ మీదుగా 15 ఆంపియర్లు పోనిస్తే అది ఏం చేస్తుంది, మాడిపోక? ఆ కోసిన రెండు ముక్కల్నీ ఒక ఖాళీ అమృతాంజన్ సీసాలో వేసుకుని సింగపూర్ తీసుకెళ్లాను. మా ఆవిడ నవ్వింది, "ఊరుగాని ఊరు వెళ్తూ పట్టుకెళ్లేది అదా" అని.

అలా రెండో రోజు టవర్‌కి వెళ్లాం. రోచోర్ స్టేషన్లో దిగి కాలవ దాటితే నాలుగైదు నిమిషాల నడక. బయటినుంచి చూస్తే ఏ ఆకర్షణా లేదు, పాతకాలపు ఆఫీసు బిల్డింగ్. లోపలికి అడుగుపెట్టగానే సోల్డరింగ్‌కి వాడే రోజిన్, కొత్త వైరు, అట్టపెట్టెలు కలగలిసిన వాసన. హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్లినవాళ్లకి ఆ వాసన తెలుస్తుంది. అమ్మాయి ముక్కు మూసుకుంది, నాకైతే సొంతిల్లులా ఉంది. రిలేలు, ట్రాన్స్‌ఫార్మర్లు, కెపాసిటర్లు, హీట్ సింకులు, కేబుల్ చుట్టలు, రకరకాల కనెక్టర్లు. కింది అంతస్తుల్లో అన్నీ ఇవే. గోడ నిండా చిన్న చిన్న సొరుగులు, ఒక్కో సొరుగు మీద చేత్తో రాసిన నంబరు. కంప్యూటర్ బిల్లులు ఉన్న షాపులూ ఉన్నాయి, కార్బన్ పేపరు పెట్టి రాసే షాపులూ ఉన్నాయి.

మూడు షాపులు తిరిగాను. మొదటిదాంట్లో పది ముక్కలకి తక్కువైతే ఇవ్వనన్నారు. రెండోదాంట్లో ఉన్నాయిగానీ ఏ కంపెనీవో చెప్పలేకపోయారు. మూడోదాంట్లో 70 ఏళ్లు దాటిన చైనీస్ పెద్దాయన. అక్కడ పెద్దవాళ్లని అందరూ "అంకుల్" అనే పిలుస్తారు, నేనూ అలాగే పిలిచాను. తమాషా ఏమిటంటే ఆయన కూడా నన్ను అంకుల్ అనే పిలిచాడు. నా ఇంగ్లీషు అంతంతమాత్రం. ఆయనదీ పొడి పొడి మాటలే. "ఒరిజినల్?" అంటే "క్యాన్". "తోషిబా?" అంటే "క్యాన్, క్యాన్". అవును, సరే అనడానికి అక్కడ అదే మాట. మాకిద్దరికీ అది సరిపోయింది.

నేను అమృతాంజన్ సీసా తీసి కౌంటర్ మీద ఒలకబోశాను. ఆయన కళ్లజోడు పైకి నెట్టి, రెండు ముక్కల్నీ లైటు కింద పెట్టి చూసి, ఏమీ మాట్లాడకుండా కౌంటర్ కిందినుంచి ఒక గాజు సీసా తీశాడు. అందులో నాలాగే కోసిన ముక్కలు పాతిక దాకా ఉన్నాయి! ఎవరెవరో తెచ్చినవట. ఇద్దరం ఒకేసారి నవ్వేశాం. అమ్మాయి మా ఇద్దర్నీ పిచ్చివాళ్లను చూసినట్టు చూసింది.

ఆ తర్వాత ఆయన చేసిన పని చూసి నేను దణ్ణం పెట్టాను. సొరుగులోంచి జత తీసి ఊరికే చేతిలో పెట్టలేదు. మీటరు తీసి ట్రాన్సిస్టర్ కాళ్లలో బేస్‌కీ ఎమిటర్‌కీ మధ్య కెపాసిటెన్స్ (చార్జి నిలవ చేసుకునే సామర్థ్యం) చూపించాడు. తర్వాత నకిలీది ఒకటి తీసి అదే కొలత చూపించాడు. చిప్పు పెద్దదైతే కెపాసిటెన్స్ ఎక్కువ ఉంటుంది, చిన్నదైతే తక్కువ. హాక్సా బ్లేడుతో పనే లేదన్నమాట. ఇన్నేళ్లూ నాకు ఈ కిటుకు ఎందుకు తట్టలేదో. జత 14 సింగపూర్ డాలర్లు, మన డబ్బులో తొమ్మిది వందల పైచిలుకు. మన దగ్గర మూడొందలకి జత దొరుకుతుంది, అది సజ్జగింజ సరుకు. రెండు జతలు తీసుకుంటానంటే, "ఒక ఛానెల్ కాలిందా, రెండూ కాలాయా?" అని అడిగాడు. ఒకటే అన్నాను. "అయితే ఒక జత చాలు" అని రెండోది వెనక్కి పెట్టేశాడు. వ్యాపారం చేసేవాడు అలా చేయడం నేను చాలా కాలమైంది చూసి.

షాపులో వేరే ఖాతాదారులు లేరు కాబట్టి కబుర్లలో పడ్డాం. నేను కొన్న మామూలు వోల్టేజ్ రెగ్యులేటర్ మీద చిన్న అక్షరాలతో ఎమ్‌ఏఆర్ అని ఉంది. ఏమిటని అడిగితే మొరాకో అన్నాడు. పక్క సొరుగులోది మలేసియా, ఇంకోటి చైనా. "సింగపూర్ షాపులో సింగపూర్ సరుకు లేదా?" అన్నాను ఎగతాళిగా. ఆయన లేచి వెనక్కి వెళ్లి ఒక పొడవాటి ప్లాస్టిక్ గొట్టం తెచ్చాడు. అందులో వరసగా పేర్చిన ఐసీలు, అంటే కాళ్లున్న చిప్పులు, పాత నేషనల్ సెమీకండక్టర్ కంపెనీవి. వెనక్కి తిప్పితే సింగపూర్ అని అచ్చు.

ఆ అచ్చు నాకు కొత్తకాదు. నేను పని నేర్చుకున్న 1980లలో మా ప్రాంతానికి ఓడల్లో పనిచేసేవాళ్లు తెచ్చిన టూ-ఇన్-వన్‌లు (రేడియో, టేపు కలిసినవి) వచ్చేవి. మూత విప్పితే ఫిలిప్స్ అయినా, నేషనల్ పానసోనిక్ అయినా, మేడ్ ఇన్ సింగపూర్ అని స్టిక్కరు. కంపెనీ హాలండ్‌ది, జపాన్‌ది, మరి ఈ సింగపూర్ ఎక్కడిది మధ్యలో అని మా గురువుగారిని అడిగితే, "ఓడరేవురా, అక్కడ స్టిక్కర్లు అంటిస్తారు" అన్నారు. ఆయన మాట నమ్మి నలభై ఏళ్లు గడిపేశాను.

స్టిక్కర్ల యవ్వారం కాదది. ఆ ఐసీలకు బంగారు తీగ అతికించినవాళ్లలో ఈ అంకుల్ అక్కగారు ఒకరట. 1970లలో ఆవిడ ఫ్యాక్టరీలో మైక్రోస్కోపులో కన్ను పెట్టి, వెంట్రుక కంటే సన్నటి బంగారు తీగని చిప్పు మీదినుంచి కాళ్లకి ఒక్కొక్కటే అతికించేవారు. రోజంతా అదే పని. లైను నిండా ఆడపిల్లలే. ఇంట్లో మొదటిసారి నెలజీతం తెచ్చింది ఆవిడేనట, ఆ జీతంతోనే ఈయన పాలిటెక్నిక్ చదివాడు. చెప్పేటప్పుడు ఆయన బొటనవేలూ చూపుడువేలూ దగ్గరకి తెచ్చి, కనపడని తీగని పట్టుకున్నట్టు చూపించాడు. మేము సోల్డరింగ్ చేసేటప్పుడు పట్టకారు పట్టుకునే తీరే అది.

రాత్రి ఇంటికొచ్చాక అమ్మాయితో కూర్చుని ఆ కాలం గురించి చదివించుకున్నాను. 1965 ఆగస్టు 9న మలేసియా నుంచి విడిపోయేనాటికి సింగపూర్‌వాళ్లకి నీళ్లు కూడా చాలావరకు పక్క దేశం నుంచే రావాలి. పని లేనివాళ్లు వీధుల నిండా. అది చాలదన్నట్టు 1968లో బ్రిటిష్‌వాళ్లు తమ సైనిక స్థావరాలు ఎత్తేస్తున్నాం అన్నారు, వేలమందికి అన్నం పెట్టే ఉద్యోగాలు అవే. ఆ గడ్డురోజుల్లోనే అమెరికా చిప్పుల కంపెనీ టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వచ్చింది. నిర్ణయం తీసుకున్న 50 రోజుల్లో పని మొదలైపోయింది. దాని వెనకే నేషనల్ సెమీకండక్టర్. టెక్సాస్‌వాళ్లు కార్ఖానా నడిపిన బెండెమీర్ రోడ్డు ఈ టవర్‌కి పెద్ద దూరం కూడా కాదు. ఆ ఇద్దరిలో నేషనల్‌ని టెక్సాస్‌వాళ్లు 2011లో కొనేశారు, కాబట్టి అంకుల్ గొట్టంలో ఉన్న గుర్తు ఇక రాదు.

నాకు బాగా నచ్చినది హ్యూలెట్-ప్యాకార్డ్ (హెచ్‌పీ) కథ. 1970లో వాళ్లకి ఆరంతస్తుల బిల్డింగ్‌లో రెండంతస్తులు అద్దెకిప్పించారు. కంపెనీ పెద్దాయన హ్యూలెట్ స్వయంగా చూడ్డానికి వస్తున్నాడు. లిఫ్టుకి కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మర్ ఇంకా తయారుకాలేదు. అంత పెద్దమనిషిని ఆరంతస్తులు మెట్లెక్కించడమా? ప్రభుత్వంవారి ఎకనామిక్ డెవలప్‌మెంట్ బోర్డువాళ్లు పక్క బిల్డింగ్ నుంచి లావుపాటి కేబుల్ లాగి, ఆయన వచ్చే రోజుకి లిఫ్టు నడిపించేశారు. కంపెనీ పెట్టుబడి పెట్టింది. పందిట్లో ఫేజు పోతే పక్కింటినుంచి వైరు లాగి మైకు నడిపించిన నాబోటివాడికి ఆ బోర్డు ఆఫీసర్లు మావాళ్లే అనిపించారు. పన్ను రాయితీలు ఏ దేశమైనా ఇస్తుంది, కేబుల్ లాగాలంటే ఓపిక కావాలి.

ఇంకో సంగతి తెలిసి ఆశ్చర్యపోయాను. విదేశీ కంపెనీలతో కలిసి అక్కడి ప్రభుత్వం కుర్రాళ్లకి పని నేర్పే శిక్షణ కేంద్రాలు పెట్టింది. వాటిలో మొదటిది 1972లో మన టాటావాళ్లతో కలిసి పెట్టినది. తర్వాత జర్మనీ కెమెరా కంపెనీ రోలై, ఆ తర్వాత ఫిలిప్స్. రోలై 1981లో దివాలా తీసి మూతపడింది. కానీ మిల్లీమీటరులో వందో వంతు తేడా పట్టుకోగల చేతులు అక్కడే ఉండిపోయాయి కదా. మరుసటి ఏడు సీగేట్ హార్డ్ డిస్కుల ఫ్యాక్టరీ పెట్టింది. ఒక దశలో ప్రపంచంలోని హార్డ్ డిస్కుల్లో దాదాపు సగం ఈ ఊళ్లోనే తయారయ్యేవి. ఊరు అనే అంటాను మరి, మొన్నటి గ్రేటర్ హైదరాబాద్ కంటే కాస్త పెద్దది, అంతే.

మనం ఏం తక్కువ తిన్నాం? 1967లో ఏఎస్ రావుగారు హైదరాబాద్‌లో ఈసీఐఎల్ పెట్టారు, అంటే టెక్సాస్‌వాళ్లు సింగపూర్ రావడానికి ఒక ఏడాది ముందే. ఈసీ టీవీలు నేను వందలు బాగుచేశాను. దిట్టమైన సెట్లు, అబద్ధం చెప్పకూడదు. లోపల ఏ బోర్డు ఎలా వేశారో చూస్తేనే గౌరవం కలిగేది. కానీ ఆ టీవీకి ఒక స్పేరు కావాలంటే నెలల తరబడి ఉత్తరాలు రాయాల్సివచ్చేది. టవర్‌లో సొరుగు లాగితే చాలు. నాలాంటివాడికి తేడా అంతా అక్కడే.

అంకుల్ దగ్గరికి మర్నాడు మళ్లీ వెళ్లాను, ఈసారి ఒక్కణ్ణే. హార్డ్ డిస్కుల గురించి అడిగితే చెయ్యి ఊపాడు. ఆ లైన్లు థాయిలాండ్‌కీ, చైనాకీ, మలేసియాకీ వెళ్లిపోయాయి, సీగేట్ కూడా ఆంగ్ మో కియోలో డిస్కులు బిగించే ఫ్యాక్టరీ 2009లో మూసేస్తున్నట్టు చెప్పింది. మరి ఇక్కడ ఏం మిగిలింది అంటే, "వేఫర్" అన్నాడు, అంటే చిప్పులు తయారయ్యే సిలికాన్ పలక. జీతాలు పెరిగేకొద్దీ చేతిపని పక్క దేశాలకి పంపేసి, కష్టమైన పని మాత్రం దగ్గర పెట్టుకున్నారట. ఊరి చివర వుడ్‌ల్యాండ్స్, టాంపనీస్ వైపు గుడ్డి కిటికీల పెద్ద పెద్ద బిల్డింగులు, తెల్ల ముసుగులు వేసుకుని లోపలికెళ్లేవాళ్లు. చిప్పులు తయారుచేసే గ్లోబల్ ఫౌండ్రీస్ 2023లో 400 కోట్ల అమెరికా డాలర్లు పెట్టి వుడ్‌ల్యాండ్స్‌లో కొత్త ఫ్యాక్టరీ తెరిచింది. ప్రపంచంలో ప్రతి పది చిప్పుల్లో ఒకటి సింగపూర్‌లో తయారైందే అంటున్నారు ఇప్పుడు. "పుట్టేది ఇక్కడే. కాళ్లొచ్చేది మలేసియాలో. నా సొరుగులోకి వచ్చేది ఎక్కడెక్కడో తిరిగి" అన్నాడు ఆయన. నా రెగ్యులేటర్ మొరాకో చూసొచ్చింది మరి.

ఆయన మాటల్లో గర్వం ఉంది, కాస్త దిగులూ ఉంది. ఫ్యాక్టరీలు నిండుగా ఉన్నప్పుడు టెక్నీషియన్లు సాయంత్రం డ్యూటీ దిగి ఈ టవర్‌కే వచ్చేవారట. లైను మధ్యలో ఆగిపోతే ఒక్క రిలే కోసం ట్యాక్సీలో పరిగెత్తుకొచ్చేవారట. ఇప్పుడు వచ్చేది కాలేజీ పిల్లలు, ఆడియో పిచ్చి ఉన్నవాళ్లు, నాలాంటి దారినపోయేవాళ్లు. కొన్ని షట్టర్లు మూసి ఉన్నాయి. ఆయన పిల్లలిద్దరూ బ్యాంకుల్లో పనిచేస్తారు. మా అమ్మాయీ బ్యాంకు సాఫ్ట్‌వేరే అని చెప్తే ఇద్దరం మళ్లీ నవ్వుకున్నాం, ఈసారి అంత గట్టిగా కాదు.

ఒక మాట చెప్పి ఆయన్ని కాస్త ఉత్సాహపరిచాను. మా ఊళ్లో 1990లలో కంప్యూటర్‌లో పాటలు వినిపించాలంటే సౌండ్ బ్లాస్టర్ కార్డు పెట్టాల్సిందే, నా చేత్తో ఎన్నో బిగించాను అన్నాను. క్రియేటివ్ కంపెనీ అది, సింగపూర్ సొంత బ్రాండు. దాన్ని పెట్టిన సిమ్ వాంగ్ హూ 1981లో ఒక చిన్న రిపేరు షాపుతోనే మొదలయ్యాడు. 2006లో మ్యూజిక్ ప్లేయర్ పేటెంట్ గొడవలో ఆపిల్ చేత 10 కోట్ల అమెరికా డాలర్లు కట్టించుకున్నాడు! 2023 జనవరిలో పోయాడు పాపం. "రిపేరు షాపు" అనే మాట దగ్గర అంకుల్ నా భుజం తట్టాడు.

ఇక లోటుపాట్లు. ఆదివారం చాలా షాపులు తెరవరు. కొందరు కార్డు తీసుకోరు, అక్కడి ఫోన్ పేమెంట్ మనకి ఉండదు, నోట్లు పట్టుకెళ్లండి. టూరిస్టులకి 100 సింగపూర్ డాలర్ల పైన కొంటే 9 శాతం పన్ను ఎయిర్‌పోర్టులో వెనక్కొచ్చే పద్ధతి ఉందిగానీ, ఇలాంటి చిన్న షాపుల్లో దాని మీద ఆశ పెట్టుకోకండి. మామూలు రెసిస్టర్లు, కెపాసిటర్లు, వైర్లు అయితే ఇక్కడ కొనడం శుద్ధ దండగ, కోఠీలోనే చవక. నకిలీ భయం ఉన్న ఖరీదైన పార్టులకి మాత్రం వెళ్లొచ్చు.

ఇంకో ఫిర్యాదు ఉంది, పేరు చెప్పను. వేరే షాపులో వాల్యూమ్ కంట్రోల్ పాట్ (తిప్పే రెసిస్టర్) అడిగాను, 50కే, ఏ టైపు. వాల్యూమ్‌కి ఏ టైపే ఉండాలి, అది చెవికి తగ్గట్టు పెరుగుతుంది. బి టైపు పెడితే కాస్త తిప్పగానే గోల మొదలై, ఆ తర్వాత ఎంత తిప్పినా తేడా తెలియదు. కవర్లో వేసిచ్చారు, చూసుకోకుండా జేబులో పెట్టుకున్నాను. కాకినాడ వచ్చాక చూస్తే బి50కే. అంకుల్ అయితే మీటరు పెట్టి చూపించి మరీ ఇచ్చేవాడు. తప్పు సగం నాదే. ఒక స్టార్ మాత్రం తగ్గిస్తున్నాను. అయిదుకి నాలుగు.

ఆంప్లిఫయర్ సంగతి. కొత్త జత బిగించి, వరసలో వంద వాట్ల బల్బు పెట్టి మెల్లగా కరెంటిచ్చాను. బల్బు ఒక్కసారి వెలిగి ఆరింది, అంటే షార్టు లేదు. సాయంత్రం దాకా స్పీకరుకి బదులు పెట్టే డమ్మీ లోడు మీద నడిపాను. హీట్ సింక్ మీద చెయ్యి వేస్తే వేడిగా ఉందిగానీ చెయ్యి తీసేయాల్సినంత కాదు. తర్వాత అది రెండు పెళ్లిళ్లు, ఒక అమ్మవారి జాతర దాటింది. ఆ ఖాతాదారు ఇప్పుడు తన దగ్గరున్న ఇంకో మూడు సెట్లకీ అవే వెయ్యమంటున్నాడు.

సంక్రాంతికి అమ్మాయి వస్తోంది. కావలసిన నంబర్లు కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టాను. అంకుల్ షాపు ఎన్నో అంతస్తో, లిఫ్టు దిగి ఎటు తిరగాలో బొమ్మ కూడా గీశాను. అయిదు నిమిషాల తర్వాత జవాబొచ్చింది: "నాన్నా, ఇది స్క్వేరా, టవరా?"